తమ్ముడికి తీసుకున్న సీటు

మా నొంగోమా వైపు మనిషి ఇంటికి దూరంగా చనిపోతే, అయినవాళ్ళు రేగుకొమ్మ పట్టుకుని ఆ చోటికే వెళ్ళి, పేరు పెట్టి పిలిచి, ఆ కొమ్మతో ఆత్మను ఇంటికి తెచ్చుకుంటారు. టాక్సీలో ఆ మనిషికీ ఒక సీటు తీసుకుంటారు. ఏ డ్రైవరూ నవ్వడు.

నా తమ్ముడు ముజి డర్బన్‌లో లారీ మంటల్లో కాలిపోయాడని మరదలు నోమ్‌కోసి చెప్పింది. మూసిన పెట్టెనే పూడ్చాం. మర్నాడు నేను కొమ్మ కోసుకుని బయల్దేరితే గుమ్మానికి అడ్డం నిలబడింది.

"నీకు దండం పెడతా వదినా, ఇప్పుడే పిలవొద్దు."

"నా తమ్ముణ్ణి రోడ్డు మీదే వదిలేయమంటావా? నువ్వసలు ఆడదానివేనా?"

ఏడ్చింది గానీ కారణం చెప్పలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ మంట మీదుండగానే ముజి పాలసీ పని మీద ఇన్సూరెన్స్ ఆయన వచ్చాడు. మా వైపువాడే, మర్యాదస్తుడు. టీ ఇచ్చి కడుపులో ఉన్నదంతా కక్కేశాను.

"చూడు నాయనా, మొగుడి డబ్బు కావాలట, మొగుడు మాత్రం ఇంటికి రాకూడదట!"

ఆయన కప్పు కింద పెట్టాడు. "ఎందుకు రాకూడదందమ్మా?"

అప్పటిదాకా ఆయనకు ఏ అనుమానమూ లేదు. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, నా నోరే సరిగ్గా లేదు. పెట్టె తవ్వితీస్తే ఇసుక సంచులున్నాయి. గనిలో పని నా తమ్ముడి ఊపిరితిత్తులు తినేసింది, యజమానులు మందులకైనా డబ్బివ్వకుండా గెంటేశారు. వాడు డర్బన్‌లో ఏదో గదిలో దగ్గుతూ దాక్కున్నాడు. ఆ డబ్బు వాడి వైద్యానికే. బతికున్నవాణ్ణి కొమ్మతో పిలిస్తే నిజంగానే పోతాడని నోమ్‌కోసి భయపడింది.

కోర్టులో ఆమె కంటే ముందు ఒక కలప వ్యాపారిని పిలిచారు. ఏడేళ్ళు పన్ను ఎగ్గొట్టినవాడు జరిమానా కట్టి కారెక్కాడు. ముజి ఎక్కడున్నాడో చెప్పని నోమ్‌కోసికి నాలుగేళ్ళు వేశారు. మోసం మోసమే, కాదనను. ఆమెను లోపల పెడితే ఎవరికేం ఒరిగిందో మాత్రం నాకు ఇప్పటికీ తెలీదు.

చలికాలంలో ముజి నిజంగానే పోయాడు. వెళ్ళి తెచ్చుకుంటానని ఆమె అడిగితే జైలు అధికారి నవ్వాడట. "నీ మొగుడు చచ్చాడంటే మళ్ళీ నమ్మమంటావా?"

నేను చూడ్డానికి వెళ్తే అంది, "ఇప్పుడు పిలువు వదినా. ముందు నా దగ్గరికి తీసుకురా."

డర్బన్‌లో వాడు పోయిన గదికి వెళ్ళి పిలిచాను. రెండు సీట్లు తీసుకున్నాను. దారంతా వాడితో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. "ముజీ, వంతెన దాటుతున్నాం. ముజీ, ఇక్కడ దిగాలి."

జైలు గేటు దగ్గర కాపలావాడు కొమ్మ చూశాడు. "ముళ్ళున్నాయి. లోపలికి వీల్లేదు."

ఎంత బతిమాలినా వినలేదు. కొమ్మను బయట కంచెకి ఆనించి ఒక్కదాన్నే లోపలికి వెళ్ళాను. నోమ్‌కోసి నా ఖాళీ చేతులు చూసింది.

"రాలేదా?"

"వచ్చాడు. గేటు బయటున్నాడు."

ఆమె గేటు ఉన్న వైపు తిరిగింది.

"బయట చలిగా ఉంది వదినా. దగ్గొస్తుంది, ఇంటికి తీసుకెళ్ళు."