స్టాంపులో నీళ్లు చూసిన మా నాయన

ఎక్కడో మహాసముద్రం మధ్యనున్న దీవి స్టాంపులు రెండు ఈ రోజు నా కలం స్నేహితుడి కవరులో వచ్చాయి. మొదటిదాని మీద రంపపు పళ్లలాంటి కొండలతో తీరం ఉంది. కళ్యాణదుర్గం పల్లెల్లో బావులు తవ్వే మా నాయన దాన్ని భూతద్దంలో చాలాసేపు చూశాడు.

“ఈడ నీళ్లుండాయి” అన్నాడు.

“సముద్రంలో నీళ్లు కాక ఇంకేముంటాయి నాయనా?” అని నవ్వాను.

“ఉప్పునీళ్లు కాదురా, తాగే నీళ్లు. ఈ బండ నెర్రెలో పచ్చగా ఉండాది, సూడు.”

కవరులోంచి రెండో స్టాంపు తీశాను. అదే కొండను దగ్గరగా చూపించారు. ఆ నెర్రెలోంచే జలపాతం దూకుతోంది!

సముద్రమే చూడని మనిషి ఆయన. ఆల్బంలో ఆ స్టాంపుల కింద దీవి పేరు రాయలేదు. “ఈడ నీళ్లు చూపించింది మా నాయన” అని రాశాను. తప్పనేవాళ్లు ఒక కార్డుముక్క రాయండి, చూస్తాను.