పెంచలన్న బండిలో తలుపు పక్క సీటు

ముందే ఒప్పుకుంటున్నాను, నేను కొంచెం పెంచి చెప్తాను. ఆ "కొంచెం" అన్న మాట కూడా తగ్గించి చెప్పిందే. నన్ను తేలు కుట్టిందంటే మా ఆవిడ చీమ కోసం వెతుకుతుంది. వడ్ల వ్యాపారి తాలుకి తరుగు తీసినట్టు నా మాటల్లో ముప్పాతిక తీసేసి మిగిలింది నమ్ముతుంది. మీరూ అలాగే చదవండి. కానీ పెంచడం వేరు, కల్పించడం వేరు. ఇందులో నేను కల్పించింది ఒక్కటే ఉంది. అదేదో చివర్లో నేనే చెప్తాను.

మొన్న మా బావమరిది కూతురి పెళ్లికి కావలి నుంచి మినీ బస్సు మాట్లాడుకున్నాం. ఎక్కి కూర్చోగానే వెనక ఎవరో కడుపులో తిప్పకుండా నిమ్మకాయ గిల్లి వాసన చూశారు. ఎండకు కాగిన రెగ్జిన్ సీటు, డీజిలు, మల్లెపూలు, వాటన్నిటి మీద ఆ నిమ్మకాయ. ముక్కుకు తగిలిందో లేదో, నా నోరు దానంతటదే తెరుచుకుంది. పక్కన కూర్చున్న మా ఆవిడ నా మోచెయ్యి గిల్లింది. "ఎక్కినాలే. పేరు పెట్టి పిలవబాకండి, జనం చూస్తుండారు."

ఈ జబ్బు నాకు అంటించినవాడు పెంచలన్న. డిగ్రీ పూర్తయి, ఉద్యోగం నా మొహం చూడనని మొండికేసిన రోజుల్లో, కావలి బస్టాండు ఎదురుగా ఉన్న ఆయన ట్రావెల్స్‌లో బేరాలు మాట్లాడి బండి వెంట పోయే పనికి కుదిరాను. ఆఫీసంటే ఒక బల్ల, ఒక కుర్చీ, ఆయన మీసం. ఆ మీసం ఎంతదంటే, మలుపులో ముందు మీసం తిరిగేది, దాని వెనక బండి తిరిగేది. ఆయన హారన్ కొడితే కృష్ణపట్నంలో ఓడలు పక్కకు తప్పుకునేవి. ఉన్నది మాత్రం ఒక్కటే మినీ బస్సు. జనం ఎక్కువై రెండో బండి కావాలంటే ఎంత పెద్ద బేరాన్నైనా వదులుకునేవాడు. వేరేవాళ్ల బండి జత చేద్దామన్నా ఒప్పుకోడు. ఒక గుంపుకి ఒకే బండి, అంతే.

నేను చేరాక మొదటి ప్రయాణం ఒక పెళ్లివారిది, నెల్లూరుకి. బండి కిక్కిరిసిపోయింది, తలుపు పక్కన ఒంటరి సీటు మాత్రం ఖాళీ. పెళ్లికొడుకు మేనమామ దాని మీద తువ్వాలు వేయబోతే పెంచలన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ సీటుకి మనిషి ఉండాదన్నా."

"ఏదయ్యా, కనబడదే?"

"కనబడితే నీకు చెప్పకుండా పోతానా?"

మేనమామ దారిపొడుగునా సూట్‌కేసు మీద కూర్చుని, నెల్లూరు చేరేసరికి తానే సూట్‌కేసు ఆకారానికి వచ్చాడు. అంతకుముందు ఇంకో తతంగం. ఎక్కడ బండి తీసినా ప్రతి మనిషీ పక్కసీటు మనిషిని పేరు పెట్టి పిలవాలి, ఆ మనిషి పలకాలి. అప్పుడుగానీ ఇంజను స్టార్ట్ కాదు. ఆ రోజు పొలం గట్టు తగాదాతో ఏళ్ల తరబడి మాటల్లేని తోడల్లుళ్లిద్దరు పక్కపక్కన పడ్డారు. ఒకరి పేరు ఒకరి గొంతులో చేపముల్లులా అడ్డం పడింది. బండి కదలదు, ముహూర్తం ఆగదు. పెళ్లికొడుకు బాసికం పట్టుకుని ఏడుపుమొహం పెట్టాడు. "పలకండి నాయనా, నా పెళ్లి గట్టుమీదే అయిపోయేట్టుండాది!" అన్నాడు. చివరికి ఇద్దరూ పళ్ల సందుల్లోంచి పిలుచుకున్నారు. జనం నవ్వారు. ఆ నవ్వుల్లో నేను తప్ప ఎవరూ గమనించలేదు. పెంచలన్న ఖాళీ సీటు వైపు తిరిగి మెల్లగా అన్నాడు, "అమ్మా, కామాక్షమ్మా." కాసేపు ఆగాడు. తర్వాత గేరు వేశాడు.

నెల్లూరు దాటి దక్షిణంగా పోయే బేరమైతే వెంకటాచలం దగ్గర హైవే పక్క టీ కొట్టు ముందు బండి ఆగి తీరాల్సిందే. ఆ ఊరు దారిలో తగలని బేరమంటే ఆయనకు చేదు. టీ గ్లాసు చేతిలో చల్లారిపోతూ ఉంటే కొట్టు వెనకకి పోయి చూసి వచ్చేవాడు. ఆగిన బస్సుల్లోకి తొంగిచూసేవాడు. ఒకరోజు ఉండబట్టలేక, "ఈ టీలో ఏముందన్నా, కషాయం కూడా ఇంతకంటే మేలు" అన్నాను. ఆయన బెంచీ మీద కూర్చుని, నన్నూ కూర్చోమన్నాడు.

"అప్పుడు నాకు రెండు బండ్లు ఉండేవిరా శీనయ్యా. తిరుమల పోయొస్తా ఈడ టీకి ఆగినాం. నా బండిలో అమ్మ. వెనక బండి మా బావది. బయల్దేరేటప్పుడు నా బండిలో తలలు లెక్క పెట్టినా, సరిపోయినాయి."

"ఆమె లేకుండా ఎట్ట సరిపోయినాయన్నా?"

"ఎవరో వాళ్ల చుట్టాన్ని ఈడ ఎక్కించుకున్నారు. అమ్మ సీట్లో ఆమె కూచోనుండాది. వెనక బండిలో ఆడోళ్లతో కబుర్లు చెప్తా ఎక్కిందిలే అనుకున్నా. బావేమో అమ్మ నా బండి మనిషే గదా అనుకున్నాడు. కావలిలో దిగినాక వాడు నన్నడిగినాడు, నేను వాణ్ణడిగినా. తల లెక్కకొస్తాదిరా. మనిషి రాదు."

వెంటనే వెనక్కి వచ్చారు. ఆమె లేదు. అప్పటికే ఆమెకు మతిమరుపు. మీదే ఊరంటే కావలి అనదు, పుట్టిన ఊరు పేరు చెప్తుంది. ఆ ఊరు ఎప్పుడో సోమశిల డ్యాము నీళ్లలో మునిగిపోయింది.

"ఎవరో పుణ్యాత్ముడు అడిగే ఉంటాడు. ఈమె చెప్పే ఉంటాది. లేని ఊరికి ఎవురైనా ఏ బస్సు ఎక్కిస్తారు చెప్పు?"

గోరంతని కొండంత చేసే నేను, కషాయమన్న ఆ టీని చివరి చుక్క దాకా తాగాను. ఆయన రెండో బండి అమ్మేసి, ఆ డబ్బు ఆమెను వెతకడానికే ఖర్చు పెట్టాడు. సోమశిల గట్టు మీద చేపలు ఎండబెట్టుకునేవాళ్లను అడిగాడు, సత్రాల్లో అడిగాడు. పోలీసులు ఫోటో తీసుకున్నారు. అందరూ ఆయన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి పంపారు.

బేరాలు ఎండిపోతున్న కాలంలో పోర్టు పనివాళ్లను తీసుకుపోయే కాంట్రాక్టు ఒకటి నేనే పట్టుకొచ్చాను. రోజూ వెంకటాచలం మీదుగా పోవచ్చనేసరికి ఆయన మీసం మళ్లీ లేచి నిలబడింది. కానీ పొద్దున్నే నిద్రమొహాలతో ఎక్కే పనివాళ్లను పక్కవాడి పేరు పిలవమంటే ఏం పిలుస్తారు? దేశంలో ఉన్న భాషలన్నీ ఆ బండిలో ఉన్నాయి, ఒకరి పేరు ఒకరికి నోరు తిరగదు. షిఫ్టు మొదలయ్యేది, మా బండి ఇంకా పేర్ల దగ్గరే ఉండేది.

"కార్డు పంచ్ చేస్తే లెక్క తెలిసిపోతుంది కదయ్యా, ఈ బడిపిల్లల హాజరెందుకు?" అన్నాడు సూపర్‌వైజరు.

"కార్డు ఇంటికొస్తే సాలా సార్, వాళ్ల పెళ్లాలకి?" అన్నాడు పెంచలన్న.

కాంట్రాక్టు పోయింది. నాకు కోపం వచ్చింది. "చచ్చిపోయిందనుకోరాదా అన్నా!" అన్నాను. ఆయన కసురుకోలేదు. "నువ్వు చూసినావా? నేను చూడలా" అన్నాడు.

చివరి ప్రయాణం సముద్రం ఒడ్డున ఒక పాళెం వాళ్లది, తిరుమలకి. చేపలు పట్టేవాళ్లు. పెంచలన్న సంగతి వాళ్లందరికీ తెలుసు. తిరుగుదారిలో వెంకటాచలం దగ్గర ఆగాం. ఆయన ఎప్పటిలాగే టీ చల్లార్చుకుని, కొట్టు వెనక చూసి వచ్చి కూర్చున్నాడు. పేర్లు అయిపోయాయి. "అమ్మా, కామాక్షమ్మా" అన్నాడు. ఆగాడు. అప్పుడు వెనక సీట్లోంచి, గుండు చేయించుకున్న ఒక ముసలవ్వ గొంతు వినబడింది. "ఉండా నాయనా. ఇంక పోనీ." పెంచలన్న అద్దంలోకి చూశాడు. భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకుని బండి తీశాడు.

ఆ ఏడాదే మంచాన పడ్డాడు. బండిని తుక్కు కింద తూకానికి అమ్మారు. చివరి రోజుల్లో నేను పోతే గుర్తుపట్టేవాడు కాదు. నా వెనక తలుపు వైపు చూసేవాడు, ఇంకెవరో ఎక్కాల్సి ఉన్నట్టు. అలా చూస్తూనే పోయాడు.

నేనిప్పుడు కాలేజీలో లెక్కలు చెప్తాను. పిల్లల్ని విహారయాత్రకు తీసుకుపోతే మాత్రం తలలు లెక్కపెట్టను, పక్కవాడి పేరు పిలవమంటాను. లెక్కల మాస్టారికి లెక్కలు రావని నవ్వుకుంటారు. మొన్న పెళ్లి బస్సులోనూ ట్రావెల్స్ కుర్రాడు వేలితో తలలు లెక్కపెట్టి, "సరిపోయింది సార్" అన్నాడు. మా ఆవిడ గిల్లినా సరే, నేను పేరు పెట్టి పిలిచాను. "ఉండా" అంది, తలవంచుకుని. తలుపు పక్క సీట్లో లడ్డూల బుట్ట ఉంది. దాని వైపు కాసేపు చూశాను.

ఇక ఆ ఒక్కటి. మీసం పెంచాను, హారన్ పెంచాను, సూట్‌కేసు మేనమామను బాగా నొక్కాను. అవన్నీ తరుగు తీసుకోండి. ఆ ముసలవ్వ మాత్రం కల్పన. ఆ రోజు వెనక సీట్లోంచి ఎవరూ పలకలేదు. పెంచలన్న పిలిచాడు, ఆగాడు, అద్దంలోకి చూశాడు. బండి నిండా జనం ఆ తలుపు పక్క సీటు వైపు చూశారు. తర్వాత గేరు వేశాడు.