చివరి బంటు

నిన్న వాచీ బాగుచేయించుకుందామని వెళితే కొట్లోంచి పెట్రోలు వాసన గుప్పుమంది. వాచీల పళ్లచక్రాలు కడిగే ఆ పెట్రోలు వాసన తగిలితే చాలు, నా మనసు అనకాపల్లి వెళ్లిపోతుంది. అరవైల్లో నేనక్కడ కొత్తగా మేస్టారుగా చేరినప్పుడు, బెల్లం మార్కెట్టుకు పోయే దారిలో ఖాదర్ సాహెబు గారి వాచీల కొట్టు ఉండేది. ముందు బల్ల మీద వాచీలు, వెనక బల్ల మీద చదరంగం.

ఊళ్లో నాకు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. బడి అయ్యాక వెళ్లి ఆ వెనక బల్ల దగ్గర నిలబడేవాణ్ణి. ఆడేవాళ్లు "అది నూకరాజు దెబ్బరా" అనుకుని నవ్వుకుంటే, అర్థమైనట్టు నేనూ నవ్వేవాణ్ణి. అదెవరి ఆటో, ఎప్పటిదో అడగడానికి మొహమాటం. చివరికి ఒకరోజు నన్నూ ఆటకు కూర్చోనిచ్చారు. గెలిస్తే ఆ బల్ల దగ్గర నాకూ ఓ చోటుంటుంది, లేకపోతే బదిలీకి అర్జీ పెట్టేసుకుందామనుకున్నాను. చదరంగానికీ బదిలీకీ సంబంధమేమిటంటే చెప్పలేను. ఒంటరివాడి లెక్కలు అలాగే ఉంటాయి.

ఎదుట కశింకోట చెరకు రైతు అప్పారావు. బాగా ఆడాను. అతనికి రాజూ, ఒక బంటూ మిగిలాయి. ఆ బంటును కూడా టక్కున చంపి, గెలిచానన్న ధీమాతో తలెత్తాను. అందరూ గొల్లుమన్నారు.

"ఆట సమమైపోనాది మేస్టారూ," అన్నాడు అప్పారావు. "రాజుని ఒంటరోణ్ణి సేసేత్తే గెలుపు నేదు. ఒక్క బంటునైనా ఉంచి ఆట కట్టాల. తాతల కాడ్నించీ ఇక్కడ ఇదే ఆనవాయితీ."

నా ముఖం మాడిపోయింది. చెప్పుల కోసం చూసుకుంటుంటే, సాహెబు గారు కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి ఇటు తిరిగారు.

"ఈ సంగతి ఆయనికి ముందల ఎవులైనా సెప్పేరా?"

ఆయన చూపు అప్పారావు మీదికి మళ్లింది.

"సెప్పని ఆనవాయితీతో ఆపేత్తే అది ఆటేటి బావా? ఆ బంటుని మళ్లీ ఎట్టు. కూకోండి మేస్టారూ."

అప్పారావు తల గోక్కుని, నవ్వి, బంటును తన చేత్తోనే గడిలో పెట్టాడు. వీపు మీంచి బస్తా దించినట్టయింది నాకు. ఈసారి ఆ బంటు జోలికి పోకుండా ఆట కట్టాను. ఓడినవాడే నాకంటే ఎక్కువ సంబరపడ్డాడు.

ఆ తర్వాత సాహెబు గారు అక్కడి పద్ధతులన్నీ ఒక రేకు మీద తెల్ల రంగుతో రాయించి గోడకు తగిలించారు. చదువురానివాళ్లకు తనే చదివి వినిపించేవారు. శుక్రవారం నమాజు నుంచి వచ్చాక, ఊరు మరిచిపోని పాత ఆట ఒకటి మొదటి ఎత్తు నుంచి ఆడి చూపించేవారు. నూకరాజు దెబ్బంటే, వెనకటికెప్పుడో ఆ పేరు గలాయన ఆడినట్టు గుర్రాన్ని కావాలని పోగొట్టుకుని ఆట కట్టడమని నాకప్పుడే తెలిసింది. "మనలోనే దాసుకుంటే మనతోనే పోద్ది" అనేవారాయన.

బదిలీ అర్జీ నేను రాయనేలేదు. అక్కడే హెడ్మాస్టరునయ్యాను. వాదనలో గెలుస్తున్నప్పుడు, ఎదుటివాడికి ఒక్క బంటైనా మిగిలిందా అని ఇప్పటికీ చూసుకుంటాను. బళ్లో కొత్తగా చేరిన మేస్టార్లకు అక్కడి ఆనవాయితీలన్నీ మొదటిరోజే చెప్పేసేవాణ్ణి. అయినా ఎవరో ఒకరు ఏదో పొరపాటు చేసి, ముఖం మాడ్చుకుని గుమ్మం వైపు చూసేవారు. అప్పుడు నా నోట నా భాష వచ్చేది కాదు, సాహెబు గారిదే వచ్చేది.

"కూకోండి మేస్టారూ."