మూడో గడి

కుట్టు కంపెనీలో కాజాలు కుట్టే ఆవిడకి పేరుంది గానీ, పెట్టి పిలిచేవాళ్ళే లేరు. అందరికీ ఆమె 'పర్లేదక్క'. టీనా, కాఫీనా అంటే "ఏదైనా పర్లేదు". మొగుడు అడిగినా అదే మాట. అసలు ఆ మనిషి అడిగితే కదా! పుట్టింట్లో నేర్పిన మర్యాద అది: మొదటిసారి అడిగితే వద్దనాలి, మళ్ళీ అడిగితే ఒప్పుకోవాలి.

ఆమెకు నిజంగా కావలసింది ఒక్కటే, తను రోజూ కూర్చునే కిటికీ పక్క చోటు. నలభై ఎనిమిదేళ్ళకే చూపు మందగించింది. నల్లగుడ్డ మీద నల్లదారం ఆ వెలుతురులో తప్ప కనబడదు. బయటికి చెబితే పనిలోంచి తీసేస్తారని భయం.

ఒకరోజు కొత్త ఆఫీసరు కాగితాలు పంచాడు. మిషన్లు అటూ ఇటూ మారుస్తున్నారట. కిటికీ పక్క, గోడ పక్క, రెండూ ఒకటే: మూడు గడులు, ఒక టిక్కు. ఆమె మూడో గడిలో పెట్టింది.

"అదేంటక్కా, కిటికీకి పెట్టుకో" అంది పక్కనే బొత్తాలు కుట్టే అమ్మాయి.

"ఇన్నేళ్ళు అక్కడే కూర్చున్నానని వాళ్ళకి తెలీదా? పిలిచి అడుగుతార్లే. అప్పుడు చెప్తా."

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక కాగితం రెండోసారి అడుగుతుందా, పిచ్చి మొహం! వారం తిరక్కుండా కిటికీ బొత్తాల అమ్మాయికి దక్కింది, ఈమెకు గోడ మిగిలింది. వెళ్ళి ఆఫీసరు ముందు నిలబడింది.

"నాకు కిటికీ పక్కే కావాలి సార్."

"రెండూ ఒకటే అన్నారు కదమ్మా. ఒకటే అన్నవాళ్ళకి ఏదిచ్చినా నష్టం ఉండదు. మేం ఎకనామిక్స్‌లో చదువుకున్నదే అది." ఎగతాళేం కాదు, మర్యాదగానే చెప్పాడు.

"మొహమాటానికి అన్నాను సార్."

"దానికి గడి లేదమ్మా."

ఆ సూత్రం రాసిన పెద్దమనిషి ఏ ఇంట్లో పెరిగాడో గానీ, ఒకరి ముందు నోరు తెరిచి అడగలేక చచ్చిపోయే మనుషులుంటారని వాడికి తెలియదు. ఆమెకు ఏడుపొచ్చింది. మింగేసి గోడ దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

నెల తిరిగేసరికి పదిహేడు నల్లచొక్కాలు వెనక్కి వచ్చాయి, కాజాలన్నీ వంకర. ఆఫీసరు మరో కాగితం ఇచ్చాడు. ఇందులో రెండే గడులు: తనంతట తాను మానేస్తుందా, కంపెనీయే తీసెయ్యాలా.

ఆమె కాగితాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని మూడో గడి కోసం వెతికింది. బుద్ధెరిగాక మొదటిసారి ఆమెకు నిజంగానే రెండూ ఒకటే. ఈసారి ఆ గడి పెట్టలేదు వాళ్ళు.