నేను పనితనం అని రాసింది

తొమ్మిదేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మా ఆయనకు చెప్పలేదు. నా దగ్గర చదువుకునే పిల్లలకు ఎలాగూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పడం తేలిక అనుకున్నాను. రాయడానికి కూర్చున్నాక తెలిసింది, అదీ తేలిక కాదని.

మెదడు చేతిని ఎలా కదిలిస్తుందన్నది నా చదువు. గ్లాసు అందుకోవాలనుకుంటాం, అందుకుంటాం. మధ్యలో జరిగేదంతా మెదడు మనకు తెలియనివ్వకుండా చేసేస్తుంది. ఏళ్ళ తరబడి ఒకే పని చేసిన చేతిలో అదెలా మారుతుందో చూడాలని నా పరిశోధన. అందుకు నాకు దొరికిన చేతులు గుంటూరు బయట షెడ్లలో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళవి.

వాళ్ళలో నాగరత్నం పిన్ని ఒకతె. యాభై దాటిన మనిషి, దర్శి వైపు నుంచి మిర్చి సీజనుకి వచ్చేది. ఆమె పని చేస్తుంటే చూడాలి! కాయ ఎక్కడ పట్టుకుందో, తొడిమ ఎప్పుడు ఊడిందో మన కంటికి ఆనదు. మొదటి రోజు నేను అన్నీ తెలిసినదానిలా గుప్పెడు కాయలు తీసి, అదే చేత్తో కన్ను నులుముకున్నాను. ఇక చూడండి నా గంతులు. షెడ్డంతా ఒకటే నవ్వు. పిన్ని మాత్రం తన క్యారేజీలోంచి పెరుగు తీసి, నా వేళ్ళకు ఒక్కొక్కదానికీ రాసి, తడి చెంగుతో కన్ను తుడిచింది. "ఇంత చదివావు, కారం సంగతి తెలవదా అమ్మాయ్?" అంది. ఆ రోజు నుంచి ఆమె అన్నంలో నాకో ముద్ద ఉండేది.

ఆమె వేళ్ళకు సన్నటి సెన్సర్లు కట్టేదాన్ని. వేళ్ళు విచ్చుకుంటే ల్యాప్‌టాప్‌లో గీత పైకి లేచేది, మూసుకుంటే కిందికి దిగేది. ఆమె కుడిచేతి గీతలో ఒక విశేషం కనిపించింది. మొదట్లో ఎత్తుగా లేచి, పోనుపోను ఆ ఎత్తు తగ్గుతూ వచ్చేది. ఇంకెవరికీ అలా లేదు. నాకు కాళ్ళు నేల మీద ఆగలేదు. అందరికంటే పేరున్న చెయ్యి కదా, అక్కర్లేని కదలికను మెదడు మానేస్తోందని అనుకున్నాను. దానికి పనితనం అని పేరు పెట్టాను. నా వ్యాసమంతా ఆ ఒక్క గీత మీదే నిలబెట్టాను.

అంతవరకూ అది పొరపాటే. పొరపాటు చేసినందుకైతే నేనింత కుమిలిపోను.

వ్యాసం పరిశోధన పత్రికకు పంపడానికి వారం ముందు పాత వీడియోలు మళ్ళీ చూస్తున్నాను. పిన్ని తట్ట దించి, ఖాళీ చేతులతో నడిచి వస్తోంది. ఎడమచెయ్యి ఊగుతోంది. కుడిచెయ్యి ఊగడం లేదు. కూరలో ఇంగువ వేశానో లేదో వాసన తెలియడం లేదని ఆమె ఎప్పుడో నవ్వుతూ అనడం గుర్తొచ్చింది. మిర్చి ఘాటుకి ముక్కు మొద్దుబారిందిలే అనుకున్నాం అందరం. చెయ్యి ఊగకపోవడం, వాసన తెలియకపోవడం, రెండూ పార్కిన్సన్స్ అనే మెదడు జబ్బుకి తొలి గుర్తులు కావచ్చు. ఆమె చేతిలో వణుకు లేదు. కానీ ఆ జబ్బు వణుకుతోనే మొదలవ్వాలని లేదు. ఇలాగే, వేళ్ళు విచ్చుకోవడం కొంచెం కొంచెం తగ్గుతూ, చడీచప్పుడు లేకుండా కూడా వస్తుంది. నేను డాక్టర్ని కాను, ఖాయంగా చెప్పలేను. కానీ డాక్టరుకి చూపించుకో అని ఒక్క మాట అనడానికి ఖాయంగా తెలియాలా?

మర్నాడు సెన్సర్లు విప్పుతుంటే ఆమే అడిగింది.

"పొద్దుగూకేసరికి ఈ చెయ్యి మొరాయిస్తా ఉందమ్మాయ్. నీ మిషనేమంటుంది?"

"ఏం లేదు పిన్నీ. పని బాగా వచ్చిన చెయ్యి అట్లాగే కదులుతుంది."

"నిజంగానా?"

"నిజంగా."

ఆమె మొహం విప్పారింది. "అయితే ఆ గీతేందో కాయితం మీద తీసియ్యి. ఇంట్లో పెట్టుకుంటా."

తీసిచ్చాను.

ఎందుకు చెప్పలేదు? ఆమె బెంగ పెట్టుకుంటుందనా? చాలా ఏళ్ళు నాకు నేను అలాగే సర్దిచెప్పుకున్నాను. కాదు. చెబితే ఆమె గీతను తీసెయ్యాలి, అది తీసేస్తే వ్యాసం లేదు, ఆ వ్యాసం లేకపోతే నాకు ఉద్యోగం రాదు. అంతే. ఇంతకంటే గొప్ప కారణమేదైనా ఉంటుందేమోనని నాలో నేను ఎంత వెతుక్కున్నా దొరకలేదు.

రెండు సీజన్ల తర్వాత, చెయ్యి సాగడం లేదని మేస్త్రి ఆమెను పనికి రావద్దన్నాడు. తోటివాళ్ళు బద్ధకమన్నారు. ఆమె కూడా తన చేతిని తనే తిట్టుకునేదట. జబ్బు పేరు బయటపడేసరికి నాలుగేళ్ళు పట్టింది. మందులు ఆ జబ్బును పోగొట్టవు, నిజమే. కానీ మందు పడితే ఆ నాలుగేళ్ళూ చెయ్యి ఆమె చెప్పినట్టు వినేదేమో. నేనేమో ఆ నాలుగేళ్ళూ ఉద్యోగంలో పైకి వచ్చాను.

పోయిన వారం చెప్పేద్దామనే దర్శి వెళ్ళాను. గోడ మీద ఫ్రేము కట్టించి ఉంది ఆ కాగితం. తన చెయ్యి పుస్తకంలోకి ఎక్కిందని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తుందట. నన్ను చూడగానే, ఇప్పుడు వణుకు కూడా వచ్చిన ఆ చేత్తోనే నా చెంప నిమిరింది. చెప్పాలనుకున్నది చెప్పకుండానే లేచాను. బయల్దేరేటప్పుడు కారం పట్టించుకోమని సంచీడు ఎండుమిరపకాయలు ఇచ్చింది. తొడిమలు తనే తీసిందట.

గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటికి వచ్చి సంచి విప్పి చాప మీద పోశాను. సగానికి పైగా కాయలకు తొడిమలు అలాగే ఉన్నాయి. కొన్నింటికి విరిగి వేలాడుతున్నాయి. ఊడివచ్చిన ఒక్కో తొడిమకీ ఆమె ఎంతసేపు కూర్చుని ఉంటుంది? మిగిలినవి నేనే తీశాను. వేళ్ళు భగ్గుమన్నాయి. ఫ్రిజ్‌లో పెరుగు ఉంది. రాసుకోలేదు.

ఆ వ్యాసం తప్పని నిన్న పత్రికవాళ్ళకు రాసి పంపాను. ఆదివారం మళ్ళీ దర్శి వెళ్తాను. క్షమించమని అడగను, అడిగే మొహం నాకు లేదు. ఆమెకు మిగిలిన గర్వమల్లా ఆ గోడ మీది కాగితమే. దాన్నీ లాక్కోబోతున్నానా? నా మనసు తేలికపడటానికి ఇంకోసారి ఆమె దగ్గర్నుంచే తీసుకుంటున్నానా? ఏమో, తెలియడం లేదు. ఇది రాస్తుంటే మాత్రం గొంతులో అడ్డం పడ్డది కొంచెం కదిలింది.

నాగరత్నం పిన్నీ, నేను చూశాను. నీ చేతిలోని జబ్బును నీకంటే ముందు నేను చూశాను. చూసి, బాగుందన్నాను.