రెండో లైను ఏ దారిన వస్తుంది?

మా కోడలికి జూబ్లీహిల్స్ ఫిల్మ్‌నగర్‌లో ఒకటి, విశాఖలో ఒకటి గ్రాఫిక్స్ ఆఫీసులున్నాయి. పోయిన సినిమాకు మధ్యలో నెట్ తెగి, షాట్లు వేళకు అందక, నిర్మాత చేత నానా మాటలూ పడింది. అందుకని ఈ రోజు నెట్‌వర్క్ ఇంజనీరును పిలిపించింది. నేనూ కూర్చున్నాను.

"రెండు ఆఫీసుల నడుమ మనకొక్కరికే ఉండేటట్టు లీజ్డ్ లైన్ పెడదాం మేడమ్. అది తెగితే బ్రాడ్‌బ్యాండ్ ఉంటది. హీరోకు డూపు లెక్క" అన్నాడతను.

"ఆ రెండూ ఇక్కడికి ఏ దారిన వస్తాయి నాయనా?" అన్నాను.

"రెండూ మెయిన్‌రోడ్డు గోతిలకెల్లే వస్తయమ్మా."

"అయితే ఒక్క గునపం పోటుకు ఇద్దరూ పోతారన్నమాట!"

కోడలు ఆర్డరు కాగితం మీద పెట్టబోతున్న సంతకం ఆపేసింది. రెండోది మేడమీద యాంటెన్నాతో, గాలిలోంచి వచ్చేదే కావాలని పట్టుబట్టింది.

జూబ్లీహిల్స్‌లో తవ్వని రోడ్డు ఏదైనా మిగిలుంటే చెప్పండి. చూసి రావాలని ఉంది.