రెండు టోస్టర్లు, ఒక పెళ్లి సంబంధం

ఇంద్రేశం చుట్టూ పొలాల్లో ఇంకా ప్లాట్ల రాళ్లు పాతుతున్న ఆ రోజుల్లో మా ఇళ్లల్లో బ్రెడ్డు జ్వరం వచ్చినవాళ్లకే కొనేవారు. పాలల్లో ముంచి రోగికి పెడుతుంటే, తమకు జ్వరం రానందుకు మిగతా పిల్లలు ఏడ్చేవారు. అలాంటి ఊళ్లో ఉంటూ నేను పటాన్‌చెరు దగ్గర టోస్టర్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో, టెస్టింగ్ విభాగంలో చేరాను (విభాగం అంటే నేనొక్కణ్ణే). మా సేటు దగ్గర వాళ్ల నాన్న కాలం నాటి టోస్టరు ఒకటి ఉండేది. రెండు పక్కలా రేకు తలుపులు, మధ్యలో ఎర్రగా కాలే తీగ. ఒక వైపు కాలాక తలుపు తెరిచి బ్రెడ్డును మనమే తిప్పాలి. పక్కన నిలబడకపోతే బొగ్గే. మేం చేసే కొత్తదైతే టైము కాగానే ముక్కను తనే పైకి ఎగరేస్తుంది. "పాతదాంట్ల లెక్క పైన కరకర, లోపట మెత్తగ రావాలె. వచ్చేదాంక తింటనే ఉండు" అన్నాడు సేటు. ఆ మాటను నేను మరీ మనసుకు పట్టించుకున్నాను. ఫ్యాక్టరీలో తిన్నది చాలక రెండు టోస్టర్లూ ఇంటికి తెచ్చుకుని, రోజూ సాయంత్రం మా వీధి కిరాణా షాపులో బ్రెడ్డు కొనేవాణ్ణి.

సరిగ్గా అప్పుడే గుమ్మడిదల నుంచి సంబంధం వచ్చింది. పిల్ల ఫోటో చూసిన రోజు నుంచి నాకు ఫ్యాక్టరీ సైరన్ కూడా సన్నాయిలా వినిపించేది. వాళ్లకూ నేను నచ్చాను. ఇక మిగిలింది పిల్ల మేనమామ మా వీధికి వచ్చి ఆరా తీయడం. ఆయన నేరుగా కిరాణా షాపుకే వెళ్లాడు. షాపాయన నా మేలు కోరేవాడే. "పిల్లగాడు బంగారం. తాగుడు లేదు, తిరుగుడు లేదు. రోజు బ్రెడ్డు కొనుక్కపోతడు, పాపం" అన్నాడట. మా వైపు రోజూ బ్రెడ్డు తినే మనిషంటే మానని రోగం ఉన్న మనిషి. ఆ 'పాపం' దగ్గర సంబంధం ఆగిపోయింది. "ఫోన్ ఎత్తుతలేరు" అని అమ్మ పరేషాన్ అయింది. సంగతి చివరికి షాపాయనే చెప్పి, "ఇప్పుడు జెర నయమేనా?" అని కూడా అడిగాడు. నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

మాటలతో చెబితే నమ్మరని, ఆదివారం పొద్దున్నే రెండు టోస్టర్లూ బైకుకు కట్టుకుని గుమ్మడిదల బయలుదేరాను. ("డాక్టరు చీటీ తీస్కపో బిడ్డా, గవెందుకు?" అంది అమ్మ.) వాళ్ల హాల్లో ప్లగ్గులు పెట్టి, ఇది నా ఉద్యోగమని చెప్పి, ఆ ఊపులో వచ్చిన పని మరిచిపోయి తీగ వేడి గురించి పాఠం మొదలుపెట్టాను. వాసనకు పక్కింటామె తొంగిచూసి "ఎవలకు సుస్తయింది?" అంది. అందరూ నా వైపు చూశారు. పిల్ల మాత్రం రెండు టోస్టులూ శ్రద్ధగా కొరికి, "పాతదాంట్లదే మంచిగున్నది" అని తేల్చింది. నేను పొంగిపోయి మళ్లీ తీగ దగ్గరికి వెళ్లబోతుంటే మేనమామ అడ్డుపడ్డాడు.

"గన్ని చెప్తున్నవు, మరి నువ్వు తింటలేవేంది?"

కంపెనీ పరువు ఉంది కాబట్టి ఒక ముక్క తినాల్సిందే. కానీ పళ్లేన్ని పక్కకు తోశాను. "నాతోని కాదు. బ్రెడ్డు సూస్తెనే వాంతికొస్తున్నది. జొన్నరొట్టె ఉంటె పెట్టుండ్రి" అన్నాను. మేనమామ మొహం మెల్లగా విప్పారింది. "అక్కా, పిల్లగానికి ఏ రోగం లేదు! రొట్టెలు చెయ్యి" అని లోపలికి కేకేశాడు. నేను తిన్నంతసేపూ ఎదురుగా కూర్చుని చూశాడు.

ఆ పిల్లే ఇప్పుడు మా ఇంటావిడ. కొత్త టోస్టరు ఎంతకీ పాతదాని రుచికి రాకపోయేసరికి, సేటు విసిగి పాతదాన్నే మా పెళ్లికి ఇచ్చేశాడు. పొద్దున్నే ఆవిడకు అందులో కాల్చిన టోస్టే కావాలి. పక్కన నిలబడి తిప్పేది నేనే. తిప్పుతూ అప్పుడప్పుడు ఆ బైకు మీది కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. ఒక మనిషిని ఒప్పించడానికి అంత బరువు కట్టుకుని అంత దూరం వెళ్లాడు, పిచ్చోడు. ఇప్పుడు ఆవిడ అలిగితే నేను పక్కగదిలోంచి ఫోన్లో మెసేజ్ పెడుతున్నాను.